ధ్రువనౌక రెండో ప్రయాణం

మా బడికి ఒక మధ్యాహ్నం నాగాయలంక నుంచి ఒకాయన వచ్చారు. రొయ్యల చెరువులు చేసే రైతు, నలభై లోపు మనిషి. స్టాఫ్‌రూమ్ గుమ్మంలో చెప్పులు విప్పి, కూర్చోమన్నాక కూడా కుర్చీ అంచునే కూర్చున్నారు. బందరులో సైన్సు నాటకాలు ఆడించే టీచరమ్మ నేనేనా అని అడిగారు. అవునన్నాను. అయితే ధ్రువనౌక చూశారా అని అడిగారు.

చూశాను. అప్పట్లో గుడివాడ చుట్టుపక్కల పిల్లలుగా ఉన్నవాళ్ళు చాలామంది చూశారు. డెబ్బైల మొదట్లో గుడివాడలో ఒక సైన్సు మాస్టారు రాసి ఊరూరా ఆడించిన నాటకాలవి. మొత్తం మూడు భాగాలు, ఏడాదికొకటి చొప్పున. మొదటి దాంట్లో ధ్రువనౌక అనే రాకెట్టు భూమిని వదిలి వెళ్తుంది. రెండో దాంట్లో అంతా నీళ్ళే ఉన్న గ్రహం మీద, ఒక చిన్న దిబ్బ మీద దిగుతుంది. మూడో దాంట్లో తిరిగొస్తుంది. ఊళ్ళలో ఇంకా టీవీ లేదు. ఒక భాగం చూసినవాళ్ళు తర్వాతి భాగం ఎప్పుడొస్తుందా అని ఏడాదంతా అడిగేవారు. కెప్టెన్ వేషం మాస్టారే వేసేవారు. ఆయన మా నాన్నకి స్నేహితుడు కాబట్టి నాకు మావయ్య.

మూడో భాగం కొద్ది చోట్లే ఆడింది. తర్వాత అంతా ఆగిపోయింది. టీవీ వచ్చాక జనం నాటకాలు చూడటం మానేశారు కదా, అందుకే ఆగిందని నేననుకునేదాన్ని.

ఆ రైతు కోరిక చిన్నదేమీ కాదు. వాళ్ళ ఊళ్ళో హైస్కూలు వార్షికోత్సవానికి ధ్రువనౌక మళ్ళీ ఆడాలి. కానీ పాతది పాతగా కాదు. తన పిల్లలు కేబుల్ టీవీలో ఇంగ్లీషు కార్టూన్లు చూస్తున్నారని, కథంతా రాకెట్లేనని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళార్పకుండా చూస్తారని చెప్పారు. మనకీ ఒకటి ఉండేదని వాళ్ళకి తెలియాలన్నారు. "వాళ్ళకి నచ్చేలాగా చెయ్యండి మేడమ్ గారూ. కానీ రెండో భాగంలో ఆ తలుపు సీను మాత్రం ఉండాలండి. నాకు గుర్తున్నది అదొక్కటే."

ఆ సీను నాకూ గుర్తే. నీటి గ్రహం మీద పెద్ద అల లేచి వస్తుంటుంది. ఇంజనీరు నౌక బయట ఉండిపోతాడు. అతని కోసం తలుపు తెరిచి ఉంచితే లోపల ఉన్న వాళ్ళందరూ పోతారు. కెప్టెన్ "తలుపు వెయ్యండి" అంటాడు. తలుపు మూసుకుంటుంది. అప్పుడు కెప్టెన్ ముందుకొచ్చి విజ్ఞానం కోసం ప్రాణాలిచ్చిన వాళ్ళ గురించి మాట్లాడతాడు. మావయ్య గొంతులో ఆ మాటలకి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. మూడో భాగమంతా కెప్టెన్ తిరిగొచ్చి ఇంజనీరు భార్యకి ఏం చెప్తాడన్న దాని మీదే నడుస్తుంది.

గుడివాడ వెళ్ళి మావయ్యని అడిగాను. ఆయనకి అప్పటికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. మాట వినగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. రాతప్రతి కోసం వెతకలేదు. మొదటి భాగం మొదటి సీను నోటితోనే చెప్పేశారు. సరే అన్నారు, కెప్టెన్ మాత్రం తనే వేస్తానన్నారు.

కానీ అప్పటికే నా మనసులో కెప్టెన్‌గా ఒకమ్మాయి ఉంది. బందరులో కోనేరు సెంటరు దగ్గర కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. గిలకలదిండిలో చేపల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. ఒక కాలేజీ ఫంక్షన్‌లో మైకు పాడైతే, అంత హాలుకీ మైకు లేకుండానే వినపడేలా మాట్లాడటం చూశాను. ఇప్పటి పిల్లలకి కెప్టెన్ అంటే ఆ అమ్మాయిలాగే ఉండాలనిపించింది. కంప్యూటర్ తెలిసిన మనిషి, వాళ్ళలాగే మాట్లాడే మనిషి.

మావయ్యకి ఆ విషయం చెప్పడానికి రెండుసార్లు గుడివాడ తిరగాల్సి వచ్చింది. రెండోసారి మొహం మీదే చెప్పాను. గ్రాంథికం తీసేస్తాననీ, మూడు భాగాలూ కలిపి ఒక్క సాయంత్రంలో అయ్యేలా కుదిస్తాననీ, కెప్టెన్ ఆడమనిషనీ చెప్పాను. అత్తయ్య కాఫీ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక, "మరి నేనెవర్ని?" అన్నారు. ఇంజనీరు అన్నాను. సీను మధ్యలో చచ్చిపోయే వేషం. "సరే," అని కాఫీ తాగేశారు. ఆ సరేలో ఇష్టం లేదని నాకు తెలుసు, అయినా తెలియనట్టు లేచి వచ్చేశాను.

ఆదివారాలు రిహార్సల్స్. మావయ్య గుడివాడ నుంచి పొద్దున ప్యాసింజరులో వచ్చేవారు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్ళ దగ్గర తెచ్చిన మెరుపు రేకులతో దుస్తులకి బిళ్ళలు కుట్టాం. మంగినపూడి వెళ్ళి సముద్రం హోరు టేపులో రికార్డు చేశాను. అన్నీ కుదురుతున్నాయి, వాళ్ళిద్దరికీ తప్ప. ఆ అమ్మాయి నోరు తెరిస్తే చాలు, మావయ్య ఆపేవారు. ఒకసారి కెప్టెన్ అలా చేతులూపడు అన్నారు, ఇంకోసారి కెప్టెన్ ప్రశ్న అడగడు, ఆజ్ఞ ఇస్తాడు అన్నారు. ఆమె ఎదురు మాట్లాడేది కాదు. "అలాగే మాస్టారూ," అని మళ్ళీ తనకి తోచినట్టే చెప్పేది. హాల్లో గాలి బిగుసుకుపోయేది. మిగతా నటులు గోడవైపు చూస్తూ నిలబడేవారు.

తలుపు సీను మొదలుపెట్టిన రోజు ఆ అమ్మాయి అన్ని మాటలూ చెప్పి, "తలుపు వెయ్యండి" దగ్గర ఆగిపోయింది. మర్చిపోయిందేమో అనుకుని నేను అందించాను. తల ఊపింది కానీ అనలేదు. మళ్ళీ మొదటి నుంచి చేశాం. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారికి మావయ్య కండువా విసురుగా భుజాన వేసుకుని, రెండు పదాలు పలకలేని మనిషి నౌక నడుపుతుందా అని నన్నడిగారు. ఆమె వినేలాగే అడిగారు.

సాయంత్రం ఆమెతో పాటు నడుస్తూ కోనేరు సెంటరు దాకా వెళ్ళాను. అడగకుండానే తనే చెప్పింది. వాళ్ళది బందరు కాదు. దివిసీమలో సముద్రపు ఒడ్డు ఊరు. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు తను నెలల పిల్ల, తర్వాత గిలకలదిండిలో పిన్ని వాళ్ళే పెంచారు.

"బడి మేడ మీద మా పిన్ని వాళ్ళు ఉన్నారంట మేడమ్. మా అమ్మ నీళ్ళలో నిలబడి నన్ను పిన్ని చేతికి అందించిందంట. తర్వాత అమ్మకి చెయ్యి ఇద్దామంటే అందలేదంట. నాకేం గుర్తులేదండి. గుర్తులేనిదానికి గొంతు ఎందుకు పట్టేస్తుందో, అదే నాకు కోపం."

ఆ సీను తీసేద్దాం అన్నాను. వద్దంది.

మావయ్యకి ఫోనులో చెప్పాను. అప్పుడు ఆయన చెప్పినది నేనెప్పుడూ విననిది. ఉప్పెన తర్వాత తన బడి పిల్లల్ని కొంతమందిని తీసుకుని ఆయన అక్కడికి సాయానికి వెళ్ళారు. రోజుల తరబడి ఉన్నారు. ఏం చేశారో చెప్పలేదు. తిరిగొచ్చాక ఒక ఊళ్ళో రెండో భాగం ఆడాల్సి వస్తే, కెప్టెన్ దుస్తులు వేసుకుని మేకప్ కూడా పూర్తయ్యాక, ఆడలేనని చెప్పి వచ్చేశారు. ధ్రువనౌక ఆగింది అక్కడ. టీవీకీ దానికీ సంబంధం లేదు. "నాగాయలంకలో ఆ సీను వద్దమ్మాయ్," అన్నారు. "ఆ నీళ్ళు చూసినవాళ్ళ ముందు మనం నీళ్ళు ఆడించకూడదు."

రైతుకి కబురు పెట్టాను. ఆయన మర్నాడే బస్సెక్కి వచ్చారు. నేను చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపారు. ఉప్పెనప్పుడు తను అవనిగడ్డ హాస్టల్లో ఉండి బతికానని, ఇంటికి వెళ్ళేసరికి ఇల్లు లేదని మామూలు గొంతుతోనే చెప్పారు. "మేం చూడలేమని మీరే అనేసుకుంటున్నారండి. మమ్మల్ని అడగలేదు."

మావయ్యకి రైతు అన్న మాటే చెప్పి సీను ఉంచాం. ఒక్కటే మార్పు చేశాను. ఆ మాట ఆమె అనక్కర్లేదు, చెయ్యి ఎత్తితే చాలు, తలుపు మూసుకున్న శబ్దం నేను టేపులో వేస్తాను అని చెప్పాను. మావయ్య మొహం చూడకుండా చెప్పాను.

వార్షికోత్సవం రోజు అందరం వ్యానులో బయల్దేరాం. పులిగడ్డ వంతెన మీద కృష్ణ నిండుగా ఉంది. ఆ అమ్మాయి నీళ్ళవైపు కాకుండా ఎదురుగా డ్రైవరు వీపువైపు చూస్తూ కూర్చుంది. హైస్కూలు గ్రౌండులో స్టేజీ కట్టారు. పొద్దు గుంకేసరికి జనం నిండిపోయారు. ముందు పిల్లలు, వెనక కుర్చీల్లో ఊరి పెద్దలు. ఎడమవైపు చాపల మీద పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, చేపల బుట్టలు దింపి అటునుంచటే వచ్చినట్టున్నారు.

మొదటి భాగం బ్రహ్మాండంగా నడిచింది. మెరిసే బట్టలు చూసి పిల్లలు ఈలలు వేశారు. ఆడపిల్ల కెప్టెన్ అని తెలియగానే ముందు వరుసలో ఆడపిల్లలు మోకాళ్ళ మీద లేచి కూర్చున్నారు. స్టేజీ పక్కన వింగులో టేప్‌రికార్డర్ దగ్గర నేను కూర్చున్నాను. రైతు ముందు వరుసలో పిల్లల మధ్య కింద కూర్చుని ఉన్నారు.

తర్వాత నీటి గ్రహం. నేను టేపు నొక్కాను. హోరు మొదలవగానే గ్రౌండులో మాటలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పిల్లలకి అర్థం కాలేదు, వెనక్కి తిరిగి చూశారు. చాపల మీద నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు లేచి పిల్లల చేతులు పట్టుకుని బయటికి నడిచారు. నా చెయ్యి వాల్యూమ్ మీద ఉంది. తగ్గిద్దామా, ఆపేద్దామా తేలలేదు. రైతువైపు చూశాను. ఆయన వెనక్కి తిరగలేదు, కదల్లేదు. స్టేజీ మీద తలుపు చట్రానికి ఇవతల ఆ అమ్మాయి, అవతల ఇంజనీరు వేషంలో మావయ్య. ఆమె చెయ్యి ఎత్తాలి. ఎత్తలేదు. హోరు పెరుగుతోంది.

అప్పుడు కరెంటు పోయింది.

హోరు ఆగిపోయింది. చీకట్లో ఎవరూ గోల చెయ్యలేదు. మామూలుగా కరెంటు పోతే పిల్లలు అరుస్తారు, ఆ రోజు అరవలేదు. జనరేటర్ వాళ్ళు ఎక్కడో తాడు లాగుతున్న చప్పుడు, అది అంటుకోక మళ్ళీ లాగుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. నేను స్టేజీ మీదికి వెళ్ళి నాటకం ఆపేస్తున్నామని చెబుదామని అడుగు వేశాను. ఇంతలో చీకట్లోంచి మావయ్య గొంతు. పాత కెప్టెన్ గొంతు కాదు, ఎప్పుడూ విననంత మెల్లగా ఉంది.

"తలుపు వెయ్యమ్మా."

ఏళ్ళ తరబడి లోపల నిలబడి ఆయన అన్న మాట. ఇప్పుడు బయట నిలబడి అంటున్నారు. అది స్క్రిప్టులో లేదు. ఇంజనీరుకి ఆ సీనులో మాటలే లేవు. చాపలవైపు నుంచి ఒక పెద్దావిడ గొంతు, పక్క మనిషితో మాట్లాడినట్టే అంది, "వెయ్యకమ్మా. చెయ్యి అందించు."

చెక్కల మీద అడుగుల చప్పుడు వినిపించింది. జనరేటర్ అంటుకుంది. వెలుగు వచ్చేసరికి ఆ అమ్మాయి తలుపు చట్రం దాటి బయట ఉంది. రెండు చేతులతో మావయ్య మణికట్టు పట్టుకుని లాగుతోంది. ఆయన కాళ్ళు బిగించి నిలబడ్డారు. ఆమెకీ, వింగులో ఉన్న నాకూ మాత్రమే వినబడేలా, "ఇది కథలో లేదు," అన్నారు. "తెలుసు మాస్టారూ," అని ఆమె లాగింది. ఆయన తూలి లోపలికి వచ్చి పడ్డారు.

చప్పట్లు లేవు. తెర వేయించేశాను. మూడో భాగం ఎలా ఆడతాం? చచ్చిపోవాల్సిన మనిషి బతికున్నాడు. రైతు మైకు తీసుకుని, ఈరోజుకి ఇంతేనని చెప్పారు. ఎందుకని ఎవరూ అడగలేదు. తెర వెనక్కి చాపల మీది ఆడవాళ్ళు కొందరు వచ్చారు. మీదే ఊరమ్మా అని ఆ అమ్మాయిని అడిగారు. చెప్పింది. ఇంటిపేరు అడిగారు. అదీ చెప్పింది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ ఇంటివాళ్ళెవరూ తమకి తెలియదన్నారు. ఆమె తల ఊపి, బిళ్ళలు విప్పుకోవడం మొదలుపెట్టింది.

వ్యాను అవనిగడ్డ దాటాక మావయ్య, ఆ ఇంజనీరు బయట ఉండిపోతేనే తన కథ ఉందన్నారు. లోపలికి లాగేశాక అది ధ్రువనౌక కాదు, ఇంకేదో అన్నారు. ఆడుకోండి, కాదనను, కానీ కరపత్రాల్లో నా పేరు వెయ్యొద్దు అన్నారు. వెనక సీట్లో ఆ అమ్మాయి అన్నీ వింటోంది. నేను ఆయన్ని గుడివాడ బస్సు ఎక్కించాను.

తర్వాత బందరులో ఆడినప్పుడు ఇంజనీరుగా మా బడి లెక్కల మాస్టారు వేశారు. తలుపు దగ్గర కెప్టెన్ అతన్ని లోపలికి లాగేస్తుంది, అందరూ బతుకుతారు. నాగాయలంకలో ఊపిరి ఆపేసిన సీను బందరులో తేలిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు కానీ ఒక కుర్రాడు పక్కవాడితో, అయితే ఇంత గొడవెందుకు, ముందే లాగెయ్యచ్చుగా అన్నాడు. తెర వెనక ఆ అమ్మాయి మొహం చూస్తే తనకీ తెలిసిందని అర్థమైంది. "ఊరికే బతికించకూడదు మేడమ్," అంది. "ఎవరూ ఊరికే బతకలేదు కదా."

ఇద్దరం కూర్చుని మళ్ళీ రాశాం. కెప్టెన్ తలుపు తెరిచే ఉంచుతుంది. ఇంజనీరు లోపలికి వస్తాడు, అతనితో పాటు నీళ్ళూ వస్తాయి. యంత్రాలు పాడైపోతాయి. నౌక ఇంక భూమికి తిరిగి వెళ్ళే వీల్లేదు. మూడో భాగంలో తిరుగు ప్రయాణం లేదు. ఆ దిబ్బ మీదే బతకాలి. లోపల ఉన్న వాళ్ళలో కొందరు కెప్టెన్ మొహం చూడరు. రాస్తున్నంతసేపూ మావయ్య ఏమంటారోనన్న భయం నన్ను వదల్లేదు. ఒక ప్రతి ఆయనకి పంపాను. ఉలుకూ పలుకూ లేదు.

కొత్త రూపం మొదట గుడివాడలోనే ఆడాల్సి వచ్చింది. మావయ్య వస్తారో రారో తెలియదు. నాటకం మొదలయ్యాక చివరి వరుసలో ఆయన కండువా కనబడింది. ఆ తర్వాత నా కళ్ళు స్టేజీ మీద లేవు. తలుపు సీనులో ఆయన ముందుకి వంగారు. నీళ్ళు లోపలికి వచ్చాయి. దిబ్బ మీద కెప్టెన్ ఒంటరిగా కూర్చున్న చోట ఆయన లేచారు. వెళ్ళిపోతున్నారనుకున్నాను. గోడకి ఆనుకుని నిలబడి చివరిదాకా చూశారు.

జనం వెళ్ళాక తెర వెనక్కి వచ్చారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఆయన బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"అల తప్పు," అన్నారు. "ఆ గ్రహం మీద బరువు తక్కువని మీరే చెప్పారు కదా. నడక కూడా తేలిగ్గా నడుస్తున్నారు. మరి నీళ్ళు ఇక్కడిలాగా ఒక్కసారే ఎలా విరుచుకుపడతాయి? ఎత్తుగా లేస్తాయి, నెమ్మదిగా పడతాయి. వస్తున్నది చాలాసేపు కనబడుతూనే ఉంటుంది." కండువా సర్దుకున్నారు. "నేను రాసినప్పుడు నాకూ తట్టలేదు."

బందరు ప్యాసింజరులో వస్తూ లెక్క వేసుకున్నాను. ఆయన చెప్పింది నిజమే. బడిలో సైన్సు చెప్పేది నేను, నాకు తట్టలేదు. ఎదురు సీట్లో ఉన్న ఆ అమ్మాయికి వివరించాను. "అంటే కెప్టెన్‌కి ఆలోచించుకునే టైముంటుంది," అంది. "అది ఇంకా కష్టం."

ఆ రూపంలో ధ్రువనౌక తర్వాత కొన్నేళ్ళు ఆడింది. ఉయ్యూరు, ఘంటసాల, మళ్ళీ ఒకసారి నాగాయలంక. ఆ అమ్మాయికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చేదాకా ఆడాం. కరపత్రం మీద పేరు సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు. పేరు లేకుండానే వేశాం. కానీ గుడివాడ ప్రదర్శన తర్వాతి ఆదివారం పొద్దున ఎవరూ పిలవకుండానే ఆయన రిహార్సల్‌కి వచ్చారు. లెక్కల మాస్టారుని కాసేపు పక్కన కూర్చోమని చెప్పి, వెళ్ళి తలుపు బయట నిలబడ్డారు. అమ్మాయి లోపల నిలబడింది. ఆయన ఆమెని ఒక్కసారి కూడా ఆపలేదు. నేను టేపు వేశాను, హోరుని చాలా నెమ్మదిగా పెంచుకుంటూ వచ్చాను. అల ఇంకా దూరంగానే ఉంది. ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని, లోపలున్న వాళ్ళవైపు చూసింది, బయట ఆయనవైపు చూసింది. ఏం చెయ్యబోతోందో స్క్రిప్టు రాసిన నాకు తెలిసి ఉండాలి. ఆ క్షణంలో నాకు తెలియలేదు.